బుజ్జిగాడి స్టేజ్ వన్

మా అక్క కొడుకు బుజ్జిగాడు సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోలు కారు కొన్నాడు. దానికి మూడు సుగుణాలు ఉన్నాయని వాడి నమ్మకం. మొదటిది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడల్లా సైలెన్సర్లోంచి ఠప్ ఠప్పుమని పేలుతుంది. "దీనికోసం జనం డబ్బులిచ్చి మరీ పెట్టించుకుంటారు మామయ్యా, మనకి ఫ్రీగా వచ్చింది" అంటాడు. రెండోది, తాళం తిప్పగానే రేడియేటర్ ఫ్యాన్ మొదలై, బండి ఆపేదాకా ఆగదు. అమ్మినాయన దాన్ని 'స్పెషల్ కూలింగ్' అని చెప్పి అంటగట్టాడు. మూడోదే నాకు అంతుపట్టలేదు. ఇంజన్ ఆయిల్ తగ్గడం లేదు సరికదా, పెరుగుతోంది! డిప్‌స్టిక్ తుడిచి, మళ్ళీ ముంచి తీసి, పైగీత దాటిన ఆయిల్‌ని వాళ్ళ నాన్నకి గర్వంగా చూపించాడు. మా బావగారు రిటైరైన అకౌంటెంటు. "పెట్టుబడి లేకుండా పెరిగేదాన్ని అనుమానించాలిరా" అన్నారు గానీ, ఆయన మాట ఆ ఇంట్లో చెల్లక చాలా కాలమైంది.

లీటరుకి పదిహేను ఇవ్వాల్సిన బండి ఎనిమిదికి దిగింది. అపార్ట్‌మెంటు సెల్లార్లో కారు వెనకున్న గోడమీద, సరిగ్గా సైలెన్సర్ ఎత్తులో, పళ్ళెమంత నల్లమచ్చ పడింది. వాచ్‌మన్ అది ఎవరో పెట్టించిన దిష్టిచుక్క అనుకుని, చుట్టూ బూజు దులిపేవాడు గానీ దాని జోలికి పోయేవాడు కాదు. అసోసియేషన్ సెక్రటరీగారికి అంత భక్తి లేదు. సున్నం ఖర్చు బిల్లు రాసి పంపించారు.

నల్ల పొగ అనగానే సలహాలకి కొదవేముంది? పెట్రోలు బంకు కుర్రాడు ఇంజెక్టర్ క్లీనర్ సీసా ఒకటి పోయించాడు. పక్క ఫ్లాటాయన "కల్తీ పెట్రోలండీ, బంకు మార్చండి" అన్నారు. సందు చివర మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా "బోరుకొచ్చేసింది" అని తేల్చేశాడు. బోరుకొచ్చిన, అంటే సిలిండర్లు అరిగిపోయిన ఇంజన్ వదిలేది నీలం పొగ. ఆయిల్ కాలితే నీలం, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ లోపలికి దిగితే తెలుపు, పెట్రోలు మితిమీరితే నలుపు. ఈ మూడు రంగులూ జనానికి తెలిసిపోతే చాలామంది మెకానిక్కులు వేరే పని వెతుక్కోవాలి. ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ప్లగ్గులు మార్చారు. కొత్త ప్లగ్గులు కొద్దిరోజులకే మసిబారిపోయాయి.

ఇంకొకడైతే ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు. మావాడు 'స్టేజ్ వన్'కి అడ్వాన్స్ కట్టాడు. అంటే కోన్ ఆకారపు ఎయిర్ ఫిల్టరు, లావుపాటి సైలెన్సరు, లాప్‌టాప్ తగిలించి కారు కంప్యూటర్లో పెట్రోలు లెక్కలు మార్చే రీమ్యాపు. "పవర్ లోపలే ఉంది మామయ్యా, ఇరుక్కుపోయింది. బయటికి లాగాలంతే."

ఆ ఇరుక్కున్నదాన్ని లాగించడానికి నన్ను తోడు తీసుకుని ఆటోనగర్ బయల్దేరాడు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. బెంజి సర్కిల్ సిగ్నల్లో బండి ఆగిపోయింది. వీడు యాక్సిలరేటర్ తొక్కడం, వదలడం, సెల్ఫ్ కొట్టడం. కారు నిండా పెట్రోలు కంపు, వెనక హారన్ల మోత. ముందున్న ఆటో ఆయన దిగొచ్చి, కిటికీలో తలపెట్టి, ముక్కు ఎగబీల్చాడు. "ఓవరైపోయింది బాబూ. అలా పంపు కొట్టకు. పెడల్ అడుక్కంటా తొక్కిపట్టి, వదలకుండా సెల్ఫ్ కొట్టు."

పెట్రోలు ఎక్కువైందంటూనే యాక్సిలరేటర్ తొక్కమంటాడేంటని బుజ్జిగాడు నావైపు చూశాడు. కానీ ఆయన చెప్పిందే నిజం. చాలా ఇంజెక్షన్ బళ్ళలో పెడల్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ పెట్రోలు ఆపేసి ఉత్త గాలే పంపుతుంది, లోపల తడి ఆరుతుంది. నాలుగు దగ్గులు దగ్గి బండి అందుకుంది. ఆ వదిలిన పొగ ట్రాఫిక్ కానిస్టేబుల్‌గారి తెల్లచొక్కా మీదుగా వెళ్ళింది. ఆయన విజిల్ నోట్లో పెట్టుకునేలోపు మేం సర్కిల్ దాటేశాం.

"సైలెన్సర్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపిద్దాం పదరా" అని ఆటోనగర్లో నాకు తెలిసిన పెద్దమేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన డిప్‌స్టిక్ బయటికి తీసి, గీత వైపు చూడనైనా చూడకుండా ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఇందులో సగం పెట్రోలే బాబూ. కాలకుండా మిగిలింది సిలిండర్ గోడలమ్మట కిందికి దిగి ఆయిల్లో కలుస్తోంది. పెరగదా మరి?" మూడో సుగుణం అక్కడితో సరి.

తర్వాత తాళం ఆన్ చేయించి, మీటర్లోకి తొంగిచూశారు. "చెక్ ఇంజన్ లైటు రావాలే?" అంటూ మీటరు అద్దం విప్పి గోరుతో గీకితే నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క ఊడొచ్చింది. దానికింద లైటు నిక్షేపంగా వెలుగుతోంది. అమ్మినాయన రిపేరు అది.

స్టీరింగ్ కింద, కారు కంప్యూటర్ లెక్కలు చదివే స్కానర్ తగిలించారు. కూలెంట్ టెంపరేచర్ మైనస్ 9 డిగ్రీలు! షెడ్డులో మాకు చొక్కాలు ఒంటికి అతుక్కుపోతున్నాయి. కారు కంప్యూటర్ మాత్రం తాను కాశ్మీరులో ఉన్నాననుకుని, చలికి ఇంజన్ ఎక్కడ బిగుసుకుపోతుందోనని పెట్రోలు దోసిళ్ళతో పోస్తోంది. చలి వదిలేదాకా, పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ 'పెట్రోలు ఎక్కువైంది' అని మొత్తుకున్నా వినదట. మీటర్లో టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది, ఈ బండిలో దాని సెన్సర్ వేరు.

"ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది సార్. సున్నా డిగ్రీల దగ్గర ఆరువేల ఓమ్‌లు దాకా ఉంటే, తొంభై దగ్గర రెండొందల యాభై ఉంటుంది" అంటూ కనెక్టర్ ఊడదీసి చూపించారు. పిన్నుల నిండా పచ్చటి కిలుం. సెన్సర్‌కి ఏ జబ్బూ లేదు. దారిలో కిలుం అడ్డుపడి రెసిస్టెన్స్ పెరిగింది, దాన్నే కంప్యూటర్ చలి అనుకుంది. చలనుకుంది కాబట్టి ఫ్యాన్ వేయలేదు, ఇంజన్ వేడెక్కింది. అప్పుడెవరో మహానుభావుడు ఫ్యాన్ వైరు డైరెక్ట్ చేసి పడేశాడు. స్పెషల్ కూలింగ్ అంటే అదీ.

ఇంతలో స్టేజ్ వన్ అడ్వాన్స్ పుచ్చుకున్న ట్యూనింగ్ కుర్రాడు ఫోన్ చేసి, "చిన్న ప్రాబ్లమైతే మ్యాప్‌లో అడ్జస్ట్ చేసేద్దాం బ్రో" అన్నాడు. స్పీకర్లో విన్న మేస్త్రిగారికి మండింది. "బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి ఉండాలి. పవర్ కోసం వాళ్ళు ఫుల్ లోడ్ మీద పదమూడుకో పన్నెండున్నరకో దించుతారు. నీ బండి రోజంతా అంతకన్నా కిందే ఏడుస్తోంది. అజీర్తి చేసినోణ్ణి పెళ్ళి భోజనానికి తీసుకెళ్తావా? ఇంకా పోస్తే పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ కూడా పోద్ది."

కొత్త కనెక్టరు, ఆయిల్ మార్పు, ఫ్యాన్ వైరు మళ్ళీ యథాస్థానం. రీమ్యాపు ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. వారంలో మైలేజీ పద్నాలుగుకి వచ్చింది, ప్లగ్గులు బిస్కెట్ రంగుకి తిరిగాయి. బుజ్జిగాడు మాత్రం దిగాలుగా ఉన్నాడు. "సౌండ్ పోయింది మామయ్యా" అని మేస్త్రిగారికి ఫోన్ చేసి పాత కనెక్టర్ ఉందా అని అడిగాడట. ఆయన ఏమన్నారో మా అక్క ముందు చెప్పలేదు.

అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేది లేదని ట్యూనింగ్ షాపువాళ్ళు కరాఖండీగా చెప్పేశారు. దానికి బదులు వెనక అద్దం మీద 'స్టేజ్ 1' అని ఎర్రటి స్టిక్కర్ అంటించారు. ఇప్పుడు దాన్ని చూసి సిగ్నల్ దగ్గర బైకుల కుర్రాళ్ళు పక్కకొచ్చి గుర్రుమనిపిస్తున్నారు. బుజ్జిగాడు వెంటనే ఏసీ ఆపేసి గేరు వేస్తున్నాడు.