వింత సోల్‌కు కొలత ఎవరి పాదం?

కొత్తగా వస్తున్న కొన్ని రన్నింగ్ షూలను తిరగేసి చూస్తే ఇవి పరుగు కోసమేనా అన్న అనుమానం వస్తుంది. మిజునో కంపెనీ 2023లో తెచ్చిన వేవ్ రెబెలియన్ ప్రో షూ సోల్ మడమ దగ్గర ఏటవాలుగా కోసేసినట్టు, పాదం నడుమ దళసరిగా ఉబ్బినట్టు ఉంటుంది. ఆన్ కంపెనీ అడుగున బోలు గొట్టాలు పేర్చింది. అడిడాస్ 2013లో స్ప్రింగ్‌బ్లేడ్ పేరుతో ప్లాస్టిక్ బద్దలనే సోల్‌గా అమర్చింది. వింతగా ఉందని వీటిని తోసిపుచ్చను. 2009లో మొదలైన హోకా కంపెనీ లావుపాటి సోల్ కూడా అప్పట్లో విడ్డూరమే. ఇప్పుడు దాదాపు అందరూ ఆ దారి పట్టారు. అయితే ఆ ఆకారం ఎవరి అవసరం కోసం పుట్టిందో తేల్చుకోవాలి.

రెబెలియన్ ప్రో ఆకారాన్నే తీసుకోండి. రోడ్డు పోటీల్లో సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని అథ్లెటిక్స్ పోటీల అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ 2020లో నిబంధన పెట్టింది. ఆ మందాన్ని షూ పొడవునా కొలవరు. మడమ దగ్గర ఒకచోట, పాదం ముందుభాగంలో ఒకచోట కొలుస్తారు. నడుమ ఎంత ఉబ్బినా ఆ కొలతకు చిక్కదు. పోటీలో నిలిచేవారికి ఇది తెలివైన ఉపాయమే. ఉదయం తీరిగ్గా పరుగెత్తే మనిషికి మాత్రం ఆ నిబంధనతో పనే లేదు. పైగా మడమ కింద ఆధారం తగ్గితే బరువు ముందుకు జరిగి, పిక్క మీదా మడమ వెనుక ఉండే అకిలిస్ స్నాయువు మీదా శ్రమ పెరుగుతుంది. మడమను ముందుగా ఆనించే అలవాటున్నవారికి ఇది పెద్ద మార్పు.

ఇక శాతాల సంగతి. నైకీ వేపర్‌ఫ్లై షూ పరుగులో శక్తి ఖర్చును సగటున 4 శాతం తగ్గిస్తుందన్న పేరు 2017లో వచ్చింది. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 18 మందితో, గంటకు 14 నుంచి 18 కిలోమీటర్ల వేగంలో తేల్చిన లెక్క అది. ఆ పరిశోధనకు డబ్బు పెట్టింది నైకీయే. వాళ్లంతా ఆరితేరిన పరుగువీరులు. తర్వాత గంటకు 10 కిలోమీటర్ల వేగంలో ఇలాంటి షూలను పరీక్షిస్తే లాభం 1 శాతం దరిదాపుల్లోనే నిలిచింది. 2023లో కెన్యా మేటి పరుగువీరుల మీద జరిగిన అధ్యయనం మరింత కళ్లు తెరిపిస్తుంది. షూల మధ్య తేడా ఒకరికి 11 శాతానికి పైగా లాభంగా తేలితే, మరొకరికి అంతే నష్టంగా తేలింది. అంత చెదిరిన ఫలితాలకు సగటు కట్టి పెట్టె మీద అచ్చువేస్తే కొనేవాడికి దక్కేదేమిటి?

కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే భాగమే పనిచేస్తోందనుకోవడం మరో పొరపాటు. వేపర్‌ఫ్లై మహిమంతా సోల్ లోపల అమర్చిన గట్టి కార్బన్ ప్లేట్‌దేనని ఎక్కువమంది నమ్మారు. పరిశోధకులు ఆ ప్లేటును అడ్డంగా కోసేసి పరీక్షిస్తే శక్తి ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అసలు పని చాలావరకు ఆ తేలికైన, ఎగిరే గుణమున్న ఫోమ్‌ది. అందుకే సోల్‌లో గొట్టాలో బద్దలో కనిపించగానే నేను ముందు ఫోమ్ ఏమిటని, బరువెంతని చూస్తాను.

గాయాలను ఆపుతుందన్న మాట వినిపిస్తే ఇంకా గట్టిగా నిలదీయాలి. పాదం కింద పడే బలాన్ని సోల్ మాయం చేయలేదు, చోటు మారుస్తుంది. ముందు వంపు ఎక్కువున్న సోల్ చీలమండకు ఊరటనిచ్చినా ఆ భారంలో కొంత మోకాలి మీదికి మళ్లుతుంది. ఒక్కో కాలివేలికి విడివిడి తొడుగు ఉండే షూలు అమ్మిన వైబ్రామ్ కంపెనీ, ఆరోగ్య లాభాల ప్రచారంపై వచ్చిన దావాను 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. కార్బన్ ప్లేట్ షూలు వాడినవారిలో పాదం నడిమి ఎముక దెబ్బతిన్న కేసులను 2023లో వైద్యులు నమోదు చేశారు. కేసులు కొద్దే. షూయే కారణమని వాటితో రుజువు కాదు, అయినా పాత నొప్పి ఉన్నవారు పట్టించుకోవాల్సిన సంగతే.

కంపెనీలను నేను కోరేది ఒక్కటే. శాతం అచ్చువేసే చోటే పరీక్షించిన వేగం, పాల్గొన్నవారి సంఖ్య, వారిలో అత్యధిక లాభం, అత్యధిక నష్టం కూడా ప్రకటించాలి. ఆ అంకెలు వాళ్ల ప్రయోగశాలల్లో ఇప్పటికే ఉంటాయి.