శ్రీ శాలువా గారికి

మహారాజశ్రీ శాలువా గారి దివ్యసముఖానికి,

నిన్న నరసాపురం సభలో తమరి దర్శనభాగ్యం కలిగింది. రోహిణి కార్తె ఎండ, కరెంటు లేని హాలు, జరీ అంచు ఉన్నితో తమరు. ఆహ్వానపత్రికలో 'పాశ్చాత్యుల ఆలోచనపై ఉపనిషత్తుల ప్రభావం' అని అచ్చేశారు గానీ, సభంతా తమరి ప్రభావమే. మా గోదారోళ్లకి మర్యాదలెక్కువే అండి, ఆయ్. మరీ ఇంతా?

అధ్యక్షుల వారికి తమరే. ముఖ్య అతిథికి, విశిష్ట అతిథికి, ఆత్మీయ అతిథికి తమరే. మైకు అద్దెకిచ్చినాయనకీ తమరే. ఫొటో సరిగ్గా పడలేదని విప్పి మళ్లీ కప్పడం. జ్యోతి ప్రజ్వలనకి అగ్గిపెట్టె లేకపోవడం, ప్రార్థనగీతం సగంలో మరిచిపోవడం, ఇవన్నీ క్షమించేశాను. టిఫిను సంగతి ఎత్తను.

ప్రసంగించాల్సిన మాస్టారు మాత్రం కాగితాల కట్ట పట్టుకుని ఓ మూల కూర్చున్నారు. ఆయన వంతొచ్చేసరికి గోదారి దాటించే ఆఖరి పంటు వేళైంది. "రెండు ముక్కల్లో ముగించండి" అని చీటీ అందించారు.

రెండు ముక్కల్లో ఎలా అవుతుందండీ? మొగలు రాకుమారుడు దారా షుకో కాశీ పండితుల్ని కూర్చోబెట్టుకుని 1657లో ఉపనిషత్తుల్ని పారశీకంలోకి తెచ్చాడు. రెండేళ్లకి తమ్ముడు ఔరంగజేబు ఆయన తల తీయించాడు. మాస్టారు సరిగ్గా ఇక్కడికొచ్చారో లేదో, వెనకనుంచి నిన్ను తెచ్చి కప్పేశారు! నువ్వు భుజం మీద పడ్డావంటే ఇక నోరు మూసుకోమనేగా? చప్పట్లు. అయిపోయింది.

అసలు కథ అక్కణ్ణించే కదా! ఆ పారశీకాన్ని ఆంక్వెతిల్ దుపెరాన్ అనే ఫ్రెంచాయన లాటిన్ చేసి 1801-02లో అచ్చేయించాడు. 1814లో షోపెన్‌హవర్ అనే ఇరవయ్యారేళ్ల జర్మన్ కుర్రాడు, తర్వాత పెద్ద తత్వవేత్త అయినవాడు, వైమార్ గ్రంథాలయంలో దాన్ని అరువు తెచ్చుకున్నాడు. బతికినన్నాళ్లూ అదే తనకి ఊరట, చావులోనూ అదే అని ముసలితనంలో రాశాడు. పెంచుకున్న కుక్కకి ఆత్మ అని పేరెట్టాడు. ఆయనకి నిన్నెవరూ కప్పలేదు.

ముఖ్య అతిథి ఇవన్నీ పక్కకి తోసి "తెల్లోళ్లంతా మన దగ్గర కొట్టేసినోళ్లే" అని తేల్చేశారు. కొట్టేయడమేంటి? వాల్డెన్ చెరువు గట్టున గీత చదివానని అమెరికా రచయిత థోరో 1854లో తన పుస్తకంలోనే చెప్పుకున్నాడు. జర్మన్ తత్వవేత్త హెగెల్‌కి నచ్చలేదు, 1827లో గీత మీద పెద్ద విమర్శే రాశాడు. వాళ్లు చదివారు, వాదించుకున్నారు. మన హాల్లో కఠోపనిషత్తు తెరిచి చూసినవాళ్లు చెయ్యెత్తమంటే ఎవరెత్తుతారు? చేతుల్నిండా నువ్వే.

పంటు పోయింది. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి సఖినేటిపల్లి చేరేసరికి అర్ధరాత్రి. పోనీ. పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేశాను. మిగతా కాగితాలు ఆదివారం వాళ్లింటి అరుగు మీద చదువుతానన్నారు.

తమరు దయచేయనక్కర్లేదు.

ఇట్లు,
వెనక వరసలో కూర్చున్నవాడు