హెల్త్ క్యాంపు అయ్యాక సోమవారం సంగతేమిటి?

అమెరికాలో మన తెలుగు సంఘాలు ఏటా పెట్టే హెల్త్ క్యాంపుల మీద నాకొక ఫిర్యాదుంది. క్యాంపులు బాగానే జరుగుతాయి. ఆదివారం పొద్దున్నే గుడి హాల్లో బల్లలు వేస్తారు, డాక్టర్లు సెలవు వదులుకుని వస్తారు, బీపీ, షుగరు చూస్తారు, చివర్లో బ్యానరు పట్టుకుని ఫొటో దిగుతారు. నా బాధంతా సోమవారం గురించే. బీపీ 160 దాటిందని రాసిచ్చిన కాగితం పట్టుకుని వెళ్లిన పెద్దాయన ఆ తర్వాత డాక్టర్ని కలిశాడో లేదో సంఘంలో ఎవరికీ తెలియదు. "నిన్న కాస్త టెన్షన్‌లో ఉన్నాను, అందుకే ఎక్కువొచ్చింది" అని ఆయన తనకు తనే సర్దిచెప్పుకుంటాడు.

సంఘం శ్రమ పెట్టాల్సింది ఆ సోమవారం మీద. క్యాంపుకి వచ్చినవాళ్లకి ఫోన్ చేసి, డాక్టర్ని కలిశారో లేదో కనుక్కుంటూ ఏడాది పొడవునా పనిచేసే వాలంటీర్ల బృందం ఒకటి కావాలి. అందులో ఎక్కువమంది డాక్టర్లు కానివాళ్లే ఉండాలని నా అభిప్రాయం.

మనవాళ్లకి షుగరు, గుండె జబ్బులు తక్కువ బరువుకే, చిన్న వయసులోనే వస్తున్నాయన్నది కొత్త విషయం కాదు. ఆసియా మూలాలున్నవారి విషయంలో బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 25 దాకా ఆగొద్దు, 23 దగ్గరే షుగరు పరీక్ష గురించి ఆలోచించండి అని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి అది దాదాపు 147 పౌండ్లు. మన కంటికి "సన్నగానే ఉన్నాడుగా" అనిపించే మనిషన్నమాట.

మరి డాక్టర్లు కానివాళ్లు ఏం చెయ్యగలరు? 2002లో వెలువడిన డయాబెటిస్ నివారణ పరిశోధన చూడండి. షుగరు వచ్చే అంచున ఉన్నవాళ్లు బరువు 7 శాతం తగ్గించుకుని, వారానికి 150 నిమిషాలు నడవాలని లక్ష్యం పెట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. అరవై దాటినవాళ్లలో 71 శాతం. దాని ఆధారంగానే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఏడాది కార్యక్రమం నడిపిస్తోంది. ఆ క్లాసులు చెప్పే కోచ్‌కి వైద్యపట్టా అక్కర్లేదు, శిక్షణ ఉంటే చాలు. సలాడ్ తినమనే కోచ్ మాట మన అత్తయ్యలు వింటారా? అన్నం కప్పుతో కొలిచి, కూర, పప్పు ఎంత వేసుకోవాలో తెలుగులో చూపించే మనిషైతే కనీసం వాదనకైనా దిగుతారు.

బీపీ చూడటమూ అంతే. మన క్యాంపుల్లో వరసలో నిలబడి కబుర్లాడుతూ వచ్చి కూర్చోగానే చొక్కా మీదే పట్టీ చుట్టేస్తారు. అయిదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి కూర్చోబెట్టకపోతే ఆ అంకెని నమ్మలేం. సరిగ్గా చూడటం ఏ సాఫ్ట్‌వేర్ ఇంజనీరైనా ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల విషయం ఇంకా ముఖ్యం. ఆర్నెల్లకని తెచ్చుకున్న మందులు నాలుగో నెలలోనే అయిపోతాయి. విజిటర్ ఇన్సూరెన్సుల్లో పాత జబ్బులకి కవరేజీ అంతంతమాత్రం. బీపీ మందు టెల్మా అంటే ఇక్కడి ఫార్మసిస్టుకి తెలియదు, టెల్మిసార్టాన్ అంటే తెలుస్తుంది. షుగరు మందు గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్. డోలో వేసుకున్న పెద్దావిడకి కోడలు టైలెనాల్ కూడా ఇస్తుంది, రెండూ ఒకటే మందని ఇద్దరికీ తెలియదు. వాళ్లు దిగిన మొదటి వారమే ఒక వాలంటీరు కూర్చుని మందుల అసలు పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసిపెట్టి, ఫార్మసిస్టుకి చూపించి సరిచూసుకుంటే ఎమర్జెన్సీలో ఎంత సాయమో! ఆ వాలంటీరు మోతాదు గురించి మాత్రం ఒక్క సలహా కూడా ఇవ్వకూడదు.

శిక్షణ కోసం మనం కొత్తగా ఏదీ కట్టక్కర్లేదు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2002లో మొదలైన మెడికల్ రిజర్వ్ కోర్ అనే వాలంటీర్ల దళం యూనిట్లు చాలా కౌంటీల్లో ఉన్నాయి. వైద్యం తెలియనివాళ్లనీ తీసుకుంటారు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు, విపత్తుల్లో ఏం చెయ్యాలో నేర్పిస్తారు. మనవాళ్లు అక్కడ చేరితే కౌంటీకీ తెలుగు మాట్లాడే మనుషులు దొరుకుతారు. మన గుడి దాకే ఆగిపోయే సేవ మీద నాకు మొదటినుంచీ పెద్ద నమ్మకం లేదు.

అసలు చిక్కు గోప్యత. షుగరుందని తెలిస్తే అబ్బాయి సంబంధం చెడుతుందేమోనని దాచుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఫోన్ చేసే వాలంటీరు వచ్చే శనివారం అదే పార్టీలో ఎదురుపడితే ఎవరు నోరు విప్పుతారు? అందుకే డాలస్ వాళ్లకి న్యూజెర్సీ నుంచి ఫోన్ వెళ్లాలి, న్యూజెర్సీ వాళ్లకి డాలస్ నుంచి. ఒప్పుకున్నవాళ్ల పేరు, నంబరు, మళ్లీ ఎప్పుడు చెయ్యాలో ఆ తేదీ, అంతే రాసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా రాకూడదు. బయటపెట్టినవాళ్లు ప్రెసిడెంటుగారి బావమరిది అయినా సరే, ఆ రోజే తప్పించాలి.

ఇంకో జాగ్రత్త మన ఊళ్ల ఆశా కార్యకర్తల్ని చూసి నేర్చుకోవాలి. 2005లో వచ్చిన గ్రామీణ ఆరోగ్య మిషన్ దాదాపు వెయ్యిమందికి ఒకరు చొప్పున వాళ్లని పెట్టింది. ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ బిడ్డకి టీకా బాకీ ఉందో వాళ్లకి తెలుసు. కానీ కాగితం మీద వాలంటీర్లు కాబట్టి జీతం ఉండదు, పని మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వాళ్లు ధర్నాలు చేస్తున్నది ఊరికే కాదు. మన దగ్గరా పనిచేసే నలుగురి మీదే అంతా పడేస్తే రెండో ఏడాదికి ఆ నలుగురూ ఫోన్ ఎత్తరు. నెలకి మూడు గంటలు, ఏడాది దాటాక విరామం అని ముందే రాసిపెట్టాలి.

ఖర్చంటారా, నాణ్యమైన బీపీ మిషన్లు, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ నేర్పే క్లాసు ఫీజులు, ఒక ఫోన్ నంబరు. సంక్రాంతి వేడుకల్లో స్టేజీ లైట్లకయ్యే దాంట్లో కొంత చాలు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ అంశాన్ని కల్చరల్ కమిటీ చర్చకంటే ముందు పెట్టమని నా విన్నపం. ఆ చర్చ మొదలైతే భోజనాల వేళ దాకా తెమలదు, ఆ తర్వాత కోరం ఉండదు.