నాన్నగారి ఫోటో శివారు ఆయకట్టులో ఉంది

గోదావరి డెల్టా వాళ్ళకి క్లౌడ్ స్టోరేజీ, అంటే మన ఫైళ్ళు ఏదో కంపెనీ కంప్యూటర్లలో అద్దెకి దాచుకోవడం గురించి ఎవరైనా పాఠం చెప్పబోతే నాకు జాలేస్తుంది. ఆ కంపెనీల వాళ్ళు కొత్తగా కనిపెట్టామనుకుంటున్నది మా కాలవ గట్ల మీద నూట డెబ్బై ఏళ్ళుగా నడుస్తోంది. 1847లో మొదలెట్టిన ధవళేశ్వరం ఆనకట్టని కాటన్ దొర 1852లో పూర్తి చేసిన నాడే ఈ దేశంలో స్టోరేజీ తరగతులు పుట్టాయని నా సిద్ధాంతం. కాలవ మొదట్లో పొలం ఉన్నవాడు తూము ఎత్తితే చాలు, చేను తడుస్తుంది. దీన్ని ఇప్పుడు హాట్ టైర్, అంటే వెంటనే దొరికే తరగతి, అంటున్నారు. కాలవ చివరన ఉన్న శివారు రైతుకి దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతు వస్తుంది. వంతంటే ఇవాళ అడిగితే ఎల్లుండి, లేదా కాలవ నీళ్ళు వదిలే లస్కరు గారు దయ తలచిన రోజు. దీన్ని ఆర్కైవ్ టైర్ అంటున్నారు. తేడా ఒక్కటే. క్లౌడ్ కంపెనీలు శివారు వాడికి రేటు బాగా తగ్గిస్తాయి. మన దగ్గర నీటి తీరువా ఇద్దరికీ ఒకటే.

అమెజాన్ వాళ్ళు 2012 ఆగస్టులో గ్లేసియర్ అని ఒకటి మొదలెట్టారు. చవగ్గా దాస్తారు, అడిగిన వెంటనే ఇవ్వరు. అదీ సూత్రం. ఇప్పుడు అందులోంచి తీసుకోవడానికి మూడు వేగాలున్నాయి. డబ్బెక్కువ పెడితే 1 నుంచి 5 నిమిషాలు (ఎక్స్‌పెడైటెడ్), మామూలుగా అయితే 3 నుంచి 5 గంటలు (స్టాండర్డ్), చవగ్గా కావాలంటే 5 నుంచి 12 గంటలు (బల్క్). ఇది చదివి నేను కాసేపు అలా కూర్చుండిపోయాను. మా దగ్గర ఒక ఆఫీసులో, ఏ ఆఫీసో ఎందుకు లెండి, రికార్డు రూము గుమాస్తా గారు అంతకి ఇరవై ఏళ్ళ ముందే ఈ మూడు వేగాలూ నడిపారు. పాత అడంగల్ నకలు కావాలని వెళితే కళ్ళజోడు ముక్కు మీదకి దించి, "అర్జీ అక్కడ పడేసి వెళ్ళండి, చూద్దాం" అంటే అది బల్క్. "రేపు సాయంత్రం ఓసారి కనపడండి" అంటే స్టాండర్డ్. టేబుల్ సొరుగు రెండంగుళాలు తెరుచుకుందంటే ఎక్స్‌పెడైటెడ్. టీ చల్లారేలోపు ఫైలు చేతిలో ఉండేది, దుమ్ము కూడా దులిపి ఇచ్చేవారు. పాపం, రేటు పట్టిక గోడకి అంటించాలని ఆయనకి తోచలేదు. రిటైరై ఇంటి దగ్గర అరటి పిలకలకి నీళ్ళు పోసుకుంటున్నారు. అంటించినవాళ్ళు ప్రపంచ కుబేరులయ్యారు.

2019లో ఇంకా లోతుకి తవ్వి డీప్ ఆర్కైవ్ అని పెట్టారు. లెక్క చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. అమెరికా రేట్లలో ఒక టెరాబైట్‌ని మామూలు స్టోరేజీలో ఉంచితే నెలకి సుమారు 23 డాలర్లు, డీప్ ఆర్కైవ్‌లో ఉంచితే సుమారు ఒక డాలరు. కాకపోతే పెట్టినదాన్ని 180 రోజుల లోపు తీసి పారేసినా 180 రోజులకీ అద్దె కట్టాల్సిందే. గూగుల్ వాళ్ళ ఆర్కైవ్‌లో అయితే 365 రోజులు, అంటే సంవత్సరీకం అయ్యేదాకా. డీప్ ఆర్కైవ్‌లో ఉన్నది కావాలంటే మామూలుగా 12 గంటలు, చవగ్గా అయితే 48 గంటలు. అప్పుడైనా అది ఇంటికి వచ్చేయదు. మనం చెప్పినన్ని రోజులు ఒక కాపీ వీధి అరుగు మీద కూర్చుంటుంది, గడువయ్యాక లేచి వెళ్ళిపోతుంది. ఈలోపల మనమే దించుకోవాలి, దించుకోవడానికి మళ్ళీ వేరే కూలీ. డేటా లోపలికి వెళ్ళేటప్పుడు పెళ్ళివారి మర్యాద, బయటికి వచ్చేటప్పుడు టోల్ గేటు.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఇదే పని చేస్తాడు. దసరాకి వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న ఫోటోలు, పెళ్ళి వీడియోలు, చివరికి నాన్నగారి పట్టాదారు పాసు పుస్తకం కూడా స్కాన్ చేసి క్లౌడ్‌కి ఎక్కించాడు. ఏ క్లౌడో చెప్పను, తప్పు దానిది కాదు. "మావయ్యా, లైఫ్‌సైకిల్ రూల్ పెట్టేశాను. ముప్పై రోజులకి ఒక మెట్టు దిగుతుంది, తొంభై రోజులకి అడుక్కి వెళ్ళిపోతుంది. మీరేం ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. ఈ రూలు వస్తువు అవసరం చూడదు, వయసు చూస్తుంది. ఇంత గొప్ప ఆలోచన ఇంతకుముందు ఎక్కడ చూశానా అనుకుంటే మా నాన్నగారి పడక్కుర్చీ గుర్తొచ్చింది. అది మొదట్లో హాల్లో ఉండేది. పెద్ద టీవీ కొన్నాక వీధి అరుగు మీదకి వచ్చింది. అరుగు కొట్టేసి కారు షెడ్డు వేశాక పెరటి వసారాలోకి చేరింది. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. రూలు దానంతట అదే పనిచేసింది.

చిన్న చిన్న ఫైళ్ళు విడివిడిగా పంపితే నష్టమని కూడా వాడే చెప్పాడు. డీప్ ఆర్కైవ్ లాంటి వాటిలో ఒక్కో ఫైలుకి లెక్కాపత్రాల కింద ఇంకో 40 కేబీ కలుపుతారు. అమెరికా రేటులో వెయ్యి ఫైళ్ళు అడుక్కి దించడానికి 5 సెంట్లు. అంటే మా బంధువర్గం వాట్సాప్‌లో పంపిన గుడ్ మార్నింగ్ గులాబీలు పది లక్షలుంటే, వాటిని పాతిపెట్టడానికే 50 డాలర్లు. నేను వెంటనే అర్థం చేసుకున్నాను. రావులపాలెం అరటి మార్కెట్‌లో గెలకి కూలీ ఇస్తారు గానీ పండుకి ఇవ్వరు కదా. మేనల్లుడు అన్నీ కలిపి 200 జీబీ గెల ఒకటి కట్టాడు. శభాష్ అన్నాను. అందులోంచి ఒక్క పండు కావాలంటే ఎలా అన్నది ఆ పూట ఇద్దరికీ తట్టలేదు.

ఇక పాత ఆల్బమ్ సంగతి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదని అది అటక మీద కూర్చుని చూసింది. 1996 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోతే తడిసి, ఆరి, పేజీలు అప్పడాల్లా మెలితిరిగి కూడా బతికింది. 99.999999999 శాతం అన్న మాటకి మాత్రం తట్టుకోలేకపోయింది. పెట్టిన డేటా పోదని చెప్పడానికి క్లౌడ్ వాళ్ళు రాసుకునే అంకె అది, తొమ్మిదులు పదకొండు. మేనల్లుడు ఆ తొమ్మిదులు వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాక, చెదలు పట్టిన ఆల్బమ్ ఇంట్లో ఎందుకని మా ఆవిడ దాన్ని భోగి మంటలో వేసేసింది. బాగానే మండింది.

మూడు కాపీలుండాలి, రెండు రకాల వాటి మీద ఉండాలి, ఒకటి ఊరి బయట ఉండాలి అన్న నియమం ఒకటుందని మేనల్లుడు నాకు ఫిబ్రవరిలో చెప్పాడు. భోగి జనవరిలో వస్తుంది.

మాఘమాసంలో ఒక ఆదివారం నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం పెట్టుకున్నాం. మా డెల్టాలో ఫ్లెక్సీ లేని శుభకార్యం చట్టరీత్యా చెల్లదు. 1974లో ధవళేశ్వరం గట్టు మీద సైకిలు పట్టుకుని, గళ్ళ చొక్కాలో, వెనక గోదావరితో నాన్నగారు నిలబడ్డ ఫోటో ఒకటుంది. పది అడుగుల ఫ్లెక్సీకి అదే వేయాలని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. శుక్రవారం సాయంత్రం పాలకొల్లులో ఫ్లెక్సీ షాపుకి వెళ్ళి ఫోన్‌లో ఉన్న చిన్న కాపీ చూపించాను. కుర్రాడు రెండు వేళ్ళతో లాగి చూసి, "ఆయ్, ఇది పదడుగులకి పెంచితే మొహం ఉండదండి. అట్లపిండి ఉంటాదండి. అసలుది తెండి" అన్నాడు.

మేనల్లుడికి ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉండి కూడా పాపం వెంటనే పని కానిచ్చాడు.

"రిక్వెస్ట్ పెట్టేశాను మావయ్యా."

"ఎప్పటికొస్తుందిరా?"

"నలభై ఎనిమిది గంటల్లోపు."

"పన్నెండు గంటలది ఉందన్నావు కదరా!"

"గెల మొత్తం దించాలి కదా, 200 జీబీ. బల్క్ అయితే మూడొందలు మిగులుతాయి. అర్జెంటని మీరు చెప్పలేదు."

నిజమే, చెప్పలేదు. ఫ్లెక్సీ షాపు గుమ్మంలో నిలబడి ఫోన్ చేసేవాడికి అర్జెంటు ఉండకపోవచ్చు. నేను మాట్లాడకపోయేసరికి వాడే ఓదార్చబోయాడు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంపెనీలో అసలు డేటాబేస్ పొరపాటున చెరిపేశారట. బ్యాకప్‌కి ఐదు ఏర్పాట్లున్నాయట, అవసరం పడ్డ రోజున ఒక్కటీ సరిగ్గా పనిచెయ్యలేదట. ఆరు గంటల ముందు ఎవరో పనిలో పనిగా తీసిపెట్టిన కాపీ ఒకటుంటే అదే దిక్కయిందట. అంతటివాళ్ళకే తప్పలేదు మావయ్యా అన్నాడు. వాళ్ళ నాన్నగారి ఫ్లెక్సీ ఆగలేదు కదరా అన్నాను.

శనివారం రాత్రి మేనల్లుడు హైదరాబాద్‌లో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఆదివారం పొద్దున్నే పాలకొల్లులో దిగి, స్నానం చేసి, ఇడ్లీ తిని, పట్టుపంచె కట్టుకున్నాడు. వాడికంటే ముందు రోజు సాయంత్రం బయల్దేరిన ఫోటో ఇంకా దారిలోనే ఉంది. రెండూ హైదరాబాద్ నుంచే రావాలి మరి.

ఫోటో సిద్ధమైందన్న మెయిల్ ఆదివారం సాయంత్రం ఐదింటికి, విస్తళ్ళు ఎత్తాక వచ్చింది. రెండు రోజులు అరుగు మీద ఉంటుందట. ఫ్లెక్సీ మాత్రం ముహూర్తానికి ముందే కట్టేశారు. షాపు కుర్రాడు చేసేది లేక నాన్నగారి ఆధార్ కార్డు ఫోటోనే లాగి, చుట్టూ బంతిపూల బోర్డరు వేసి, దగ్గరికి వెళ్తే గళ్ళు గళ్ళుగా కనిపిస్తుందని ఫంక్షన్ హాల్ గేటు పైన బాగా ఎత్తులో కట్టించాడు. నాన్నగారు కారు దిగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దాన్ని కాసేపు చూశారు. చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. తర్వాత నా వైపు వంగి నెమ్మదిగా అడిగారు.

"ఎవర్రా పాపం, పోయింది?"