పదికి ఎన్ని మార్కులండీ మీ నొప్పికి?

దీర్ఘకాలిక నొప్పికి ఆస్పత్రుల దగ్గర ఇప్పటికే తిరుగులేని చికిత్స ఒకటుంది. "సున్నా నుంచి పదిలో మీ నొప్పి ఎంత?" అని అడుగుతారు. రోగి ఓ అంకె చెబుతాడు, దాన్ని గడిలో రాసుకుంటారు. చికిత్స అయిపోయింది, తర్వాతి వాళ్లు రావచ్చు.

ఈ పరీక్ష పాసవ్వాలంటే శిక్షణ కావాలి. మూడు అన్నారో, పారాసెటమాల్ రాసి సాగనంపుతారు. తొమ్మిది అంటే "మరి నడిచే వచ్చారుగా?" అంటారు. పది అంటే నాటకమని తేల్చేస్తారు. ఉన్నవాటిలో ఏడు శ్రేష్ఠం. కాకపోతే ఏడు చెబుతూ నవ్వకూడదు. నవ్వితే కేస్ షీటులో "రోగి కులాసాగా ఉన్నారు" అని పడుతుంది. పోనీ ఏడుద్దామా, "ఆందోళన ఎక్కువ" అని పడుతుంది. తల నున్నగా దువ్వుకుని వస్తే జబ్బే లేదు, దువ్వుకోకుండా వస్తే డిప్రెషన్. మందుల పేర్లు మీరే చెప్పారా, వాటికి అలవాటు పడ్డ మనిషి. చెప్పలేకపోయారా, శ్రద్ధ లేని మనిషి. అంకె కుదరనివాళ్లకి బొమ్మల అట్ట ఉండనే ఉంది: ఆరు మొహాలు, మొదటిది నవ్వుతూ, చివరిది కన్నీళ్లు కారుస్తూ. అది పసిపిల్లల కోసం తయారుచేసింది. పదేళ్లుగా నడుంనొప్పితో ఉద్యోగం చేస్తున్న మనిషి ఆ ఆరింటిలో తన మొహం వెతుక్కోవాలి. పదేళ్ల నొప్పికి ఏ మొహమూ ఉండదని ఆ అట్ట చూపించేవాళ్లకి ఎవరు చెప్పాలి?

అంకెను తప్పుపట్టడం లేదు. ఆపరేషనైన మనిషికి ఇంజెక్షన్ ఇచ్చి, గంటాగి తగ్గిందో లేదో చూడ్డానికి అది భేషుగ్గా పనికొస్తుంది. మూడు నెలలు దాటిన నొప్పి దగ్గరే చతికిలపడుతుంది. అక్కడ తెలియాల్సింది నొప్పి ఎంతని మాత్రమే కాదు, మనిషి ఏం చెయ్యలేకపోతున్నాడని. దానికీ పనిముట్టుంది. పేరు పెగ్, 2009లో ప్రచురించారు. వారం రోజుల మీద మూడే ప్రశ్నలు: సగటున నొప్పి ఎంత, బతుకులో సంతోషానికి ఎంత అడ్డుపడింది, రోజువారీ పనులకు ఎంత అడ్డుపడింది. మూడింటి సగటు తీస్తే సరి. రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలే మన ఓపీల్లో దొరకవు!

ఇక స్కానింగు. ఎమ్మారైలో డిస్కు అరిగినట్టు కనబడితే కారణం దొరికిందని పండగ, కనబడకపోతే నొప్పే లేదని తీర్పు. అసలు ఏ నొప్పీ లేనివాళ్ల వెన్నుల చిత్రాలపై వచ్చిన అధ్యయనాలను 2015లో కలిపి చూస్తే, ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల ఉంది. అరిగినా నొప్పి ఉండకపోవచ్చు, అరగకపోయినా ఉండొచ్చు. నరాల వ్యవస్థే అతిసున్నితంగా మారిపోతే ఏ ఫిల్ములో పడుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో దీర్ఘకాలిక నొప్పికి ఎంజీ30 అని సొంత కోడే ఉంది. రికార్డుల్లో మాత్రం "నడుంనొప్పి, ఇతరాలు" అనే రాస్తారు. లెక్కకెక్కని జబ్బుకి బడ్జెట్టు ఎక్కణ్ణించి వస్తుంది?

మందు రాసిచ్చే తీరు మరీ ముచ్చట. నరాల నొప్పికి రాత్రిపూట అమిట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాములు రాస్తారు, మంచి పనే. అది డిప్రెషన్‌కిచ్చే మోతాదు కన్నా బాగా తక్కువని, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, పొద్దున నోరెండి మత్తుగా ఉండొచ్చని చెప్పరు. రోగి ఇంటికెళ్లి పెట్టెలోని కాగితం చదువుతాడు. "డిప్రెషన్" కనబడుతుంది. "అంటే నాకు పిచ్చనేగా?" అని మూడో రోజుకి మాత్ర మానేస్తాడు. ఫైల్లో "మందుకు స్పందన లేదు" అని చేరుతుంది.

ఇంతవరకూ నవ్వుకున్నాం, చాలు. అమెరికాలో 2016లో ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఓపియాయిడ్లపై, అంటే మార్ఫిన్ లాంటి నొప్పి మందులపై, మార్గదర్శకాలు ఇచ్చింది. జాగ్రత్త పడమని అందులో రాసిన మోతాదుల్ని బీమా కంపెనీలూ ఆస్పత్రులూ గీసిన గీతలా పట్టుకున్నాయి. ఏళ్లుగా మాత్రలమీద నెట్టుకొస్తున్నవాళ్లకి ఉన్నట్టుండి కోత పెట్టారు. ఇలా హఠాత్తుగా ఆపితే విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ఆగితే ఒళ్లు పడే అవస్థ), అదుపు తప్పే నొప్పి, ఆత్మహత్యలు కూడా జరుగుతున్నాయని 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీయే సవరించుకుని, ఏడాది పైన వాడినవాళ్లకి తగ్గించాల్సొస్తే నెలకి పది శాతమో, అంతకన్నా నిదానంగానో అంది. ఆరేళ్లు! ఆ ఆరేళ్లలో చచ్చినవాళ్లని ఏ సవరణ వెనక్కి తెస్తుంది? మాత్ర ప్రమాదమే, ఎవరు కాదన్నారు? మాత్ర లాక్కుని మనిషిని గుమ్మం బయట నిలబెట్టడాన్ని వైద్యం అనకండి, సిగ్గుండాలి.

తగ్గించే ముందు రోగి చేతిలో రాతపూర్వకంగా ఓ ప్రణాళిక పెట్టండి: ఏ నెల ఎంత తగ్గిస్తారు, ఇబ్బందైతే ఎక్కడ ఆపుతారు, ఫిజియోథెరపిస్టూ సైకాలజిస్టూ ఏ వారం నుంచి చూస్తారు. అడుగున ఓ ఫోన్ నంబరు వేయండి. రాత్రి రెండింటికి మోగితే ఎత్తడానికి మనిషిని కూడా పెట్టండి, రికార్డింగును కాదు.