కొండెక్కిన ఎమ్మెస్

మా అన్నయ్య కొడుకు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తానన్నప్పుడు ఇంట్లో ఎవరూ తలెత్తి చూడలేదు. కరెంటు పోయిందన్నంత మామూలుగా విన్నారు. కంప్యూటర్స్‌లో కాదు, అడ్వెంచర్ ఎడ్యుకేషన్‌లో అన్నాక మాత్రం వదిన చేతిలో గరిటె ఆగిపోయింది.

"అంటే ఏం చదువురా?"

"కొండలెక్కించి, పడవలు నడిపించి, అడవిలో ఉంచి మనుషులకి పాఠాలు నేర్పడం అమ్మా."

"వీడి చదువు కొండెక్కిందండీ" అని వదిన కళ్ళొత్తుకుంది. సిలబస్‌లో ఉన్నదే అది అని ఆవిడకి ఎలా చెప్పడం?

నాలుగు ముక్కలు చదివినవాణ్ణని విచారణ బాధ్యత నామీద పెట్టారు. నా నివేదిక ఇది.

ఈ శాస్త్రానికి మూలపురుషుడు కర్ట్ హాన్ అనే జర్మన్ మాస్టారు. రెండో ప్రపంచయుద్ధంలో ఓడలు మునిగితే, ముదురు నావికులు తట్టుకుంటున్నారు గానీ కుర్రాళ్ళే ముందు చేతులెత్తేస్తున్నారని లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమానికి బెంగ పట్టుకుంది. ఇద్దరూ కలిసి 1941లో వేల్స్ తీరాన ఆబర్‌డవీలో 'ఔట్‌వర్డ్ బౌండ్' పెట్టి, కుర్రాళ్ళని నెల్లాళ్ళు కొండల్లో, సముద్రంలో రాటుదేల్చారు. పెళ్ళివారు అడిగితే చెప్పడానికి ఈ భాగం వదినకి విడిగా కాగితం మీద రాసిచ్చాను.

తర్వాత డేవిడ్ కోల్బ్ అనే పెద్దాయన 1984లో దీన్నంతా చక్రంలా బిగించాడు. ముందు అనుభవం, తర్వాత దాని గురించి ఆలోచన, అందులోంచి ఒక సూత్రం, ఆ సూత్రంతో మళ్ళీ ప్రయోగం. ఇక్కడే నాకు కడుపు మండింది. ఎనిమిదేళ్ళప్పుడు మా మేనమామ నా నడుముకి బెండ్లు కట్టి మోటబావిలోకి తోశాడు. ముక్కులోకి నీళ్ళు, నోట్లోకి నాచు, పైన గట్టుమీద చుట్ట కాలుస్తూ మామయ్య. సాయంత్రం బెండ్లు తీసేసి మళ్ళీ తోశాడు. అంటే మొదటి మెట్టూ నాలుగో మెట్టూ పూర్తి చేశాను. మధ్యలో రెండూ ఎగ్గొట్టారు. నన్ను గుండ్రంగా కూర్చోబెట్టి "ఏం జరిగింది? అయితే ఏంటి? ఇప్పుడేంటి?" అని ఎవరూ అడగలేదు. దాన్ని డీబ్రీఫింగ్ అంటారు, దానికే డాలర్లలో ఫీజు. అప్పుడే అడిగి ఉంటే మామయ్యని నమ్మకూడదన్న సూత్రం నాకు ఎనిమిదో ఏటే దొరికేది. పొలం పంపకాల దాకా ఆగాల్సి వచ్చింది.

"పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ఏ ఎమ్మెస్ చేసిందిరా?" అని అన్నయ్య పట్టుకున్నాడు. గట్టి పాయింటే. 2014లో ఆ పిల్ల శిఖరం చేరడానికి ముందు తాడు పట్టింది మన భువనగిరి బండ మీదే.

"ఆమె ఎక్కింది నాన్నా. ఆమెకి తాడు పట్టుకోవడం నేర్పినవాళ్ళున్నారు కదా, నేను చదివేది వాళ్ళ పని."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను నివేదికలో తర్వాతి పేజీ తిప్పాను.

ఈ చదువులో ఒక కిటుకుంది. తాళ్ళ వంతెన మీద భయం కొండంత ఉంటుంది, నడుముకి బెల్టు, నెత్తికి హెల్మెట్ ఉంటాయి కాబట్టి అసలు ప్రమాదం గోరంతే. మన ఎమ్మెస్ దీన్ని తిరగేసి కుట్టిన చొక్కా. శంషాబాద్‌లో పూలబొకేలు, గ్రూప్ ఫొటో, ఆవకాయ జాడీ బరువు మీద చిన్న గొడవ. ఎక్కడా భయమన్నదే కనపడదు. దిగాక మొదలవుతుంది. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) చదువైతే ఓపీటీ, అంటే చదువు మీద అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, మొత్తం 36 నెలల దాకా వస్తుంది, కాకపోతే 12 నెలలే. ఆపైన హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసాకి లాటరీ. బెల్టూ లేదు, హెల్మెటూ లేదు. మావాడు ఎంచుకున్నది ఆ పన్నెండు నెలల బాపతు కాబట్టి, సాహసం అన్న పేరుకి న్యాయం జరిగిందనే నా అభిప్రాయం.

ఆఖరికి వాడు ప్రాక్టికల్ చూపిస్తానన్నాడు. హాల్లో సోఫా జరిపి, "నాన్నా, వెనక్కి తిరిగి కళ్ళు మూసుకుని పడిపో. నేను పట్టుకుంటా. నమ్మకం పెరగడానికి" అన్నాడు.

అన్నయ్య కదల్లేదు. "బ్యాంకులో ఇంటి కాగితాలిచ్చి సంతకం పెట్టినప్పుడే పడ్డానురా. నువ్వింకా పట్టుకోలేదు."