ఓడటానికీ ఓపిక కావాలి

బంతి రింగు అంచు మీద రెండుసార్లు ఎగిరి, కాసేపు ఆలోచించుకుని, వలలో పడింది. వేసింది మన డల్లాస్ బాస్కెట్‌బాల్ జట్టు మావరిక్స్ కుర్రాడే. హాల్లో కూర్చున్న ముగ్గురం ఒక్కసారే “అయ్యో” అన్నాం. నాలుగో మనిషి మా మామగారు. విజిటర్ వీసా మీద తణుకు నుంచి ఆరు నెలలకని వచ్చారు. చేతిలో మిరపకాయ బజ్జీ అలాగే పట్టుకుని మా ముఖాలు మార్చి మార్చి చూశారు.

“అల్లుడుగారూ, వేసింది మనవాళ్ళే కదండీ?”

“మనవాళ్ళే మామయ్యగారూ.”

“మరి ఎవరో పోయినట్టు ఆ ‘అయ్యో’ ఏంటండీ?”

2025 మార్చిలో డల్లాస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడే పండితుడు. నేను చెప్పడానికి గంటన్నర పట్టింది, రెండో వాయి బజ్జీలు కూడా అయిపోయాయి. అందుకే విషయాన్ని ఇక్కడ శాస్త్రీయంగా రాసి పెడుతున్నాను. రేపు మీ మామగారొస్తే చదివించుకోండి.

లీగ్ పేరు ఎన్‌బీఏ. జట్లు 30. ఏటా కాలేజీల నుంచీ పరాయి దేశాల నుంచీ వచ్చే కొత్త కుర్రాళ్ళను పంచుకునేటప్పుడు ముందు వరస ఓడినవాళ్ళది. అలా ఒక కుర్రాణ్ణి ఎంచుకునే వంతునే పిక్ అంటారు. బలహీనుడికి బలం చేకూర్చాలన్న దొడ్డ మనసు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్లో అడుగున మిగిలిన మూడు జట్లను మెడపట్టి కింది లీగుకు తోసేస్తారు. ఇక్కడ అడుగున ఉన్నవాడికి పీట వేసి, విస్తరి పరిచి, మొదటి గారె వడ్డిస్తారు. పెట్టుబడిదారీ దేశంలో సమసమాజం ఎక్కడుందయ్యా అంటే బాస్కెట్‌బాల్ ఆఫీసులో ఉంది.

మామగారు లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. అయినా ముందు లెక్క అడగలేదు, కోడి గురించి అడిగారు.

“మా వైపు పందెంలో ఓడిన కోడి గెలిచినవాడి ఇంట్లో కూరవుతుందండి. మీ దగ్గర ఓడినవాడికి ఇంకా మంచి కోడిని కొనిస్తారన్నమాట. అప్పుడు కత్తి కట్టేవాడికి బుద్ధెక్కడుంటుందండీ?”

సరిగ్గా ఆ బుద్ధి గురించే మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. ఒకటి ప్రణాళిక పార్టీ, అధ్యక్షుడు మా బావమరిది. ఫ్రిస్కోలో ఉంటాడు, సాఫ్ట్‌వేరు, ఏ బాధనైనా ఎక్సెల్‌లో పెడితే గానీ తట్టుకోలేడు. రెండోది పరువు పార్టీ, దానికి అధ్యక్షుడూ సభ్యుడూ ఎదురింటి వరంగల్ అన్న ఒక్కడే. “ఆడితే గెలువనీకి ఆడాలె. ఓడనీకి ఆడుడేంది, ఇంట్ల కూసుంటే అయిపాయె గద!” ఇదీ ఆయన మేనిఫెస్టో. ఆ రాత్రి “అయ్యో” అన్న ముగ్గురిలో తనూ ఉన్నాడని గుర్తు చేస్తే, “అది మిర్చి ఘాటుకు అన్న” అంటాడు.

ప్రణాళిక పార్టీ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ఫిబ్రవరి మొదట్లో ఒక అర్ధరాత్రి మావరిక్స్ ఆఫీసు వారు లూకా డాన్సిచ్‌ను లాస్ ఏంజిలిస్ లేకర్స్‌కు ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకున్నారు. అంతకుముందు ఏడాదే జట్టును ఫైనల్స్‌కు మోసుకెళ్ళిన పాతికేళ్ళ కుర్రాణ్ణి. ఆ వార్త విన్న రాత్రి మా బావమరిది ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా పెట్టేశాడు. వచ్చిన డేవిస్ మొదటి ఆటలోనే గాయపడ్డాడు. మార్చి మొదట్లో జట్టులో ఇంకో స్టార్ కైరీ ఇర్వింగ్ మోకాలు పోయింది. ఆటకు కనీసం ఎనిమిది మందిని చూపించాలని లీగ్ నియమం. ఆ ఎనిమిది మందిని కూడగట్టడానికే గగనమైపోయింది. పైగా 2027 నుంచి 2030 దాకా డల్లాస్‌కు తన సొంత మొదటి రౌండు పిక్ మీద పూర్తి హక్కు లేదు, ఎప్పుడో వేరే బేరాల్లో తాకట్టు పెట్టేసుకుంది. “ఓడితే ఇప్పుడే ఓడాలి బావా. ఇంకో రెండేళ్ళు ఆగి ఓడితే ఆ ఓటమి కూడా మనది కాదు, పరాయివాడి ఖాతాలో పడుతుంది.” ఇంత స్పష్టమైన ఆర్థిక విశ్లేషణ నేను బడ్జెట్ ప్రసంగాల్లో కూడా వినలేదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఓడేది ఆటగాళ్ళు కాదు. పది రోజుల కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రాడికి ఆ పది రోజులే జీవితం. నేల మీద దొర్లయినా బంతి తెస్తాడు. ఓడించేది ఆఫీసు. దాని పద్ధతులు సున్నితమైనవి. బాగా ఆడేవాడికి హఠాత్తుగా నడుము పట్టేస్తుంది. ఇంకొకడికి ‘విశ్రాంతి’ అవసరమవుతుంది. నాలుగో క్వార్టర్‌లో మూడు పాయింట్లు ముందున్నామనుకోండి, కోచ్‌కు ఉన్నట్టుండి యువత భవిష్యత్తు మీద బెంగ పుట్టి, బెంచీ చివర చెప్పులు విప్పుకుని కూర్చున్నవాణ్ణి లేపుతాడు. యువతకు అవకాశం! ఎవడు కాదంటాడు?

ఈ కళకు చరిత్ర ఉంది. మొదటి పిక్ ఎవరిదో తేల్చే లాటరీ లేని రోజుల్లో రెండు విభాగాల అడుగు స్థానాల మధ్య బొమ్మా బొరుసూ వేసేవారు. హ్యూస్టన్ రాకెట్స్ అలా 1983లో రాల్ఫ్ శాంప్సన్‌ను తెచ్చుకుంది. రుచి మరిగింది. 1984లో సీజను చివర 38 ఏళ్ళ ఎల్విన్ హేస్‌ను ఒకే ఆటలో 53 నిమిషాలు, అంటే ఓవర్‌టైమ్‌తో కలిపి ఒక్క క్షణం కూర్చోనివ్వకుండా ఆడించారు. పెద్దల పట్ల గౌరవమని వాళ్ళన్నారు. ఆ ఏడూ వాళ్ళకే బొమ్మ పడి హకీమ్ ఒలాజువాన్ వచ్చాడు. మరుసటి ఏడు, 1985లో, లీగ్ లాటరీ పెట్టింది.

అప్పటి నుంచీ ఈ విద్యలో ఫిలడెల్ఫియా సిక్సర్స్ చేసినంత కఠోర సాధన మరొకరు చేయలేదు. శామ్ హింకీ అనే మేనేజరు 2013లో వచ్చి ఓటమిని విధానంగా ప్రకటించినంత పని చేశాడు. వరసగా మూడేళ్ళ గెలుపులు: 19, 18, 10. ఆఖరి ఏడాది 82 ఆటల్లో 72 ఓటములు! 2016లో రాజీనామా చేస్తూ 13 పేజీల ఉత్తరం రాశాడు. (పది గెలుపులకు పదమూడు పేజీలు. గెలుపుకో పేజీ, మిగతా మూడూ దస్తూరికి అనుకుందాం.) జనం తిట్టారా? లేదు, “ప్రాసెస్‌ను నమ్మండి” అని హాలంతా నినాదాలు చేశారు. ఓడటానికి ‘ప్రాసెస్’ అని పేరు పెట్టగానే పవిత్రమైపోయింది. అలా వచ్చిన జోయెల్ ఎంబీడ్‌కు చివరికి ఆ పేరే ముద్దుపేరు. ఇంత తపస్సు చేసినా 2001 తర్వాత 2025 దాకా ఆ జట్టు ప్లేఆఫ్స్‌లో (సీజను చివరి నాకౌట్ పోటీల్లో) రెండో రౌండు గడప దాటలేదు.

“మరి దేవుడు ప్రత్యక్షమయ్యే ఛాన్సు ఎంతండీ?” అని మామగారు అప్పుడడిగారు. లాటరీలో పద్నాలుగు బంతులు, నాలుగు తీస్తారు, ఆ కలయిక ఎవరిదైతే వాళ్ళకే మొదటి పిక్ అన్నాను. ఆయన కిరాణా బిల్లు వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి, పద్నాలుగుని పదమూడుతో, పన్నెండుతో, పదకొండుతో గుణించి ఇరవై నాలుగుతో కొట్టేశారు. “వెయ్యిన్నొకటి. పెళ్ళి చదివింపులకు నూట పదిహేను తక్కువ.” అందులో ఒక కలయికను పక్కన పెట్టి మిగతా వెయ్యినీ జట్లకు పంచుతారు. 2019కి ముందు అందరికన్నా అధ్వానంగా ఆడినవాడికి 250 వచ్చేవి. ఓడటానికి మరీ పోటీ పెరిగిపోయిందని తగ్గించి, 2019 నుంచి అడుగునున్న ముగ్గురికీ తలా 140 ఇస్తూ వచ్చారు.

మామగారు పెన్ను మూత పెట్టారు. “అంటే అందరికన్నా బాగా ఓడినా, నూటికి ఎనభై ఆరుసార్లు ఆ మొదటి కుర్రాడు రాడండి.”

రాలేదు కూడా. 2019 నుంచి 2025 దాకా ఏడు లాటరీలు జరిగితే అడుగున నిలిచిన జట్టుకు మొదటి పిక్ ఒక్కసారీ దక్కలేదు. డెట్రాయిట్ పిస్టన్స్ 2023లోనూ 2024లోనూ అందరికన్నా అడుగున నిలిచింది. రెండోసారి వరసగా 28 ఓడింది. రెండుసార్లూ ఐదో నంబరే. ఒంటికాలి మీద నిలబడినవాణ్ణి వదిలేసి పక్క చెట్టు కింద కునుకు తీస్తున్నవాడికి వరమిచ్చే దేవుడు ఏ పురాణంలో ఉన్నాడో నాకు తెలియదు గానీ ఎన్‌బీఏలో ఉన్నాడు.

ఇక మన ఊరి ఘనత. ఓటమిశాస్త్రంలో డల్లాస్‌కు రెండు డాక్టరేట్లున్నాయి, రెండింటికీ ఫీజు కట్టిన రసీదులున్నాయి. 2018లో అప్పటి యజమాని మార్క్ క్యూబన్ ఒక పాడ్‌కాస్ట్‌లో, మనకు ఓడటమే మంచిదని మా ఆటగాళ్ళతో భోజనాల దగ్గర చెప్పానని నిజం చెప్పేశాడు. 6 లక్షల డాలర్ల జరిమానా. ఆ ఏడు 24 గెలిచి 58 ఓడారు. దక్కిన ఐదో పిక్‌కు ఇంకొకటి జోడించి అట్లాంటాతో మార్చుకుంటే వచ్చినవాడే లూకా. ఆ ఓటములే లేకపోతే లూకా లేడు, లూకా లేకపోతే మా బావమరిదికి ఆ అర్ధరాత్రి దుఃఖమూ లేదు.

2023 ఏప్రిల్‌లో రెండో డాక్టరేట్. ప్లేఆఫ్స్‌లోకి దొడ్డిదారి లాంటి ప్లే-ఇన్ ఆటల ఆశ ఇంకా చావలేదు. అయినా షికాగోతో ఆటకు ఇర్వింగ్‌తో సహా సగం జట్టుకు సెలవిచ్చేశారు. ఆ రోజు హాల్లో స్లొవేనియా రాత్రి. లూకాది ఆ దేశమే, వాళ్ళ దేశస్తులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. అతన్ని పన్నెండు నిమిషాలు చిల్లర ఆడించి కూర్చోబెట్టారు. పెళ్ళికి పిలిచి, పెళ్ళికొడుకుని తలుపు సందులోంచి చూపించినట్టు. కారణం చిన్నదే: మొదటి పదిలో పడకపోతే ఆ ఏటి పిక్ న్యూయార్క్‌కు పోతుంది. 7.5 లక్షల జరిమానా పడింది, పదో పిక్ మిగిలింది. దాన్ని మార్చుకుని తెచ్చిన డెరెక్ లైవ్లీతోనే మరుసటి ఏడు ఫైనల్స్‌కు వెళ్ళారు. చౌక బేరం!

గమనించారా? రెండుసార్లూ జరిమానా ఓడినందుకు కాదు. మొదటిసారి నోరు జారినందుకు, రెండోసారి దొరికిపోయినందుకు. ఓటమి మీద పన్ను లేదు, ఓటమిని దాచుకోవడం చేతకాకపోతేనే పన్ను. 2025 మార్చిలో యూటా వాళ్ళకు లక్ష డాలర్లు పడ్డదీ అందుకే: లౌరీ మార్కనెన్‌కు ఇచ్చిన విశ్రాంతి చూసేవాళ్ళకు మరీ విశ్రాంతిలా కనబడింది. కాస్త కుంటమని చెప్పి ఉండాల్సింది.

ఆ రాత్రి చర్చ ముదిరి పురాణాల దాకా వెళ్ళింది. బావమరిది ఎక్సెల్ మూసి, “కాలయవనుణ్ణి చూసి కృష్ణుడంతటివాడే పారిపోయాడు నాన్నా. ముచుకుందుడి గుహ దాకా పరిగెత్తించి పని కానిచ్చుకున్నాడు. అదీ వ్యూహమే కదా” అన్నాడు.

“పారిపోయాడు” అని మామగారు ఒప్పుకున్నారు. “కానీ టిక్కెట్లు అమ్మలేదు కదరా?”

వరంగల్ అన్న లేచి ఆయనతో చెయ్యి కలిపి కూర్చున్నాడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. చెప్పినవాడు ఏ కోర్టును చూసి చెప్పాడో గానీ, మా ఇంట్లో మాత్రం ఆ నెలంతా గెలిచిన రోజే ఏడుపు.

మావరిక్స్ అయితే రెండు పార్టీలనూ నిరాశపరిచింది. 39 గెలిచి 43 ఓడింది. అది ఓటమీ కాదు, గెలుపూ కాదు, మున్సిపల్ కుళాయి లాంటి ఆట. ప్లే-ఇన్‌లో శాక్రమెంటోను ఓడించి ప్రణాళిక పార్టీ పరువు తీసింది. రెండు రోజుల తర్వాత మెంఫిస్‌లో ఓడి పరువు పార్టీ ప్రణాళిక చెడగొట్టింది. ప్లేఆఫ్స్ తప్పిపోతే మిగిలేది లాటరీయే. గెలుపోటముల్లో షికాగోదీ అదే లెక్క కాబట్టి చీటీ తీశారు, అందులో గెలిచి వెయ్యిలో 18 తెచ్చుకుంది. షికాగోకు 17. మామగారు కిరాణా బిల్లు మీద 18 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఫ్రిజ్‌కు అంటించారు.

మే 12 సాయంత్రం. మామగారి ప్రయాణం దగ్గర పడింది. హాలు మధ్యలో పెట్టె తెరిచి ఉంది, పక్కన బరువు తూచే కొక్కెం, బాదంపప్పు పొట్లాలు. టీవీలో లాటరీ ఫలితాలు, పద్నాలుగో కార్డు నుంచి వెనక్కి తీస్తున్నారు. పద్నాలుగు, పదమూడు, పన్నెండు. పదకొండు దగ్గర మన పేరు రావాలి. పోర్ట్‌లాండ్ వచ్చింది. అంటే మన కార్డు పైన నాలుగింటిలో ఉందన్నమాట.

బావమరిది చేతిలో పెట్టె అలాగే కొక్కానికి వేలాడుతోంది, ఇరవై నాలుగు కిలోలు చూపిస్తోంది, దించడం మర్చిపోయాడు. ఐదో కార్డు యూటా. 17 గెలిచి 65 ఓడి, లక్ష డాలర్లు కట్టిన యూటా. తర్వాత శార్లెట్, ఫిలడెల్ఫియా, శాన్ ఆంటోనియో. ఆఖరి కవరులో డల్లాస్. వేదిక మీద పాతకాలం ఆటగాడు రొలాండో బ్లాక్‌మన్ ముఖం చూస్తే, తనకూ ఈ సంగతి ముందు చెప్పలేదని తెలుస్తోంది. ఆ కార్డుతో వచ్చేవాడు కూపర్ ఫ్లాగ్, పద్దెనిమిదేళ్ళవాడు. వెయ్యిలో పద్దెనిమిదికి పద్దెనిమిదేళ్ళవాడు.

కేకలన్నీ అయ్యాక మామగారు ఫ్రిజ్ మీది బిల్లు తీసి పెట్టెలో బట్టల మధ్య దాచుకున్నారు. “ఇంతకీ మీ సిద్ధాంతం నెగ్గిందా, ఆయన సిద్ధాంతం నెగ్గిందా అండీ?” బావమరిదీ వరంగల్ అన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ నాదేనన్నారు.

నవంబరు వచ్చేసరికి కొత్త సీజను మొదటి పదకొండు ఆటల్లో ఎనిమిది ఓడారు, లూకాను పంపించిన మేనేజరును తీసేశారు. ఫ్రిస్కోలో ఎక్సెల్ మళ్ళీ తెరుచుకుంది. “2026 పిక్ ఒక్కటే బావా ఇక మన చేతిలో ఉన్నది. ఫ్లాగ్‌కు తోడు ఇంకొకడు. ఈ ఒక్క ఏడాదీ ఓడితే చాలు.” ఆ ఆదివారం తణుకుకు వీడియో కాల్ చేసి తండ్రికి కూడా అదే వివరించాడు. అక్కడ తెల్లవారుతోంది, వెనకాల ఎవరిదో పుంజు కూస్తోంది.

“కానివ్వండ్రా” అన్నారు మామగారు. “మీరు అక్కడ ఓడుతూ ఉండండి. సంక్రాంతికి ఇక్కడ పందేలున్నాయి. ఎవరో ఒకరు ఓడతారు, మాకు కూరన్నా వస్తుంది.”